ఇంటికాడ ఆపదొస్తే మైల్స్ టికెట్ ఎట్ల మార్చుకోవాలె

రెండేండ్ల కింద అక్టోబర్ల ఒక పొద్దుగాల దేవరకొండ దిక్కు మా చిన్నాయిన బత్తాయి తోటల మోటర్ పెట్టనీకి పోయి అక్కడనే పడిపోయిండు. మాట వస్తలేదు, కుడి చెయ్యి లేస్తలేదు, దేవరకొండల చూపిస్తే స్ట్రోక్ లెక్కుంది జల్ది హైదరాబాద్ తీస్కపోండ్రి అన్నరు. మేం అంబులెన్స్ వెనకాల పోతుంటే డల్లాస్‌ల ఉన్న తమ్ముడు, అంటే చిన్నాయిన కొడుకు, అక్కడ రాత్రి తొమ్మిదిన్నరకెల్లి ఫోన్ల మీద ఫోన్లు. వాని దగ్గర టికెట్లు ఉన్నయ్, గాని డిసెంబర్ 20 వి, సంక్రాంతికి రానీకి తీసుకున్నయ్, నలుగురికి, వాడు, మరదలు, ఆరేండ్ల బిడ్డ, పది నెలల బాబు. పైసలు పెట్టి కొన్నయి కాదు, క్రెడిట్ కార్డుల మీద మూడేండ్లు జమ చేసిన మైల్స్ తోని, అంటే విమాన కంపెనీ ఇచ్చే పాయింట్ల తోని తీసినయ్. మైల్స్ ఒక అమెరికా కంపెనీవి, ఎక్కే విమానం గల్ఫ్ కంపెనీది.

వాడు మొదలు ఫోన్ చేసింది విమానం కంపెనీకి. యాభై నిమిషాలు లైన్ల పెట్టి ఆఖరికి చెప్పిన మాట ఏందంటే ఈ టికెట్ మేం ముట్టనీకి రాదు, ఎవరు ఇచ్చిన్రో వాళ్లను అడుగు అని. అప్పటికి వాని బుర్ర పని చేస్తలేదు, యాప్ తెరిచి ట్రిప్ క్యాన్సిల్ అనే బటన్ మీద వేలు పెట్టి నాకు ఫోన్ చేసిండు, అన్నా కొట్టాల్నా అని. ఆగు తమ్మి, ఏం ఒత్తకు అన్న. ఆ బటన్ ఒత్తితే నలుగురి టికెట్లు ఒక్కసారి పోయేటివి, వాపస్ వచ్చే మైల్స్ ఏ రోజు వస్తయో తెల్వదు, చేతిల కొత్త టికెట్ లేదు.

నేను ట్రావెల్ ఏజెంట్‌ను కాదు. మా చుట్టాలల్ల, నల్గొండ దిక్కు అయినా పాలమూరు దిక్కు అయినా, బయటి దేశంల ఉన్నోళ్ల టికెట్ల సంగతి పది పన్నెండేండ్ల సంది చూస్తున్న, చావుకు రావాల్సినోళ్లవి, ఐసీయూల ఉన్నోళ్లను చూడనీకి వచ్చినోళ్లవి, ఇక్కడికెల్లి బిడ్డ కాన్పుకు అమెరికా పోవాల్సి ఉండి మధ్యల ఇంట్ల పెద్దమనిషి పడితే ఆగిపోయినోళ్లవి. ప్రతిసారి అదే గందరగోళం. అండ్ల సగం గందరగోళం ఒక్క ముచ్చట తెలిస్తే విడిపోతది, అందుకే అది ముందు చెప్తున్న: ఎవరి మైల్స్ కట్టినమో వాళ్లదే రూల్, ఎక్కే విమానం ఎవరిదైనా సరే.

ఇది మనూళ్ల కోత మిషన్ మాట్లాడినట్టే. వరి కోతలకు ఊర్ల ఏజెంట్‌కు పైసలిచ్చి మిషన్ మాట్లాడుకుంటం, ఆ మిషన్ ఎక్కడిదో, డ్రైవర్ ఎక్కడోడో. వానొచ్చి కోత రెండు రోజులు జరపాల్సొస్తే డ్రైవర్‌ను పట్టుకొని ఎంత బతిమిలాడినా నాకేం తెల్వది, మీ ఊరాయిననడుగు అంటడు. వాడు అబద్ధం చెప్తలేడు, వాని చేతుల నిజంగనే ఏం లేదు. మైల్స్ టికెట్ల గూడ గంతే. మైల్స్ ఉంచుకున్న కంపెనీ ఒకటి, అదే టికెట్ రాస్తది. విమానం నడిపేది ఇంకోటి. రెండూ ఒక కూటమిల ఉంటయ్ కాబట్టి ఒకరి మైల్స్ ఇంకొకరి దగ్గర నడుస్తయ్. స్టార్ అలయన్స్ 1997 ల పెట్టిన్రు, యునైటెడ్, లుఫ్తాన్సా, సింగపూర్, ఎయిర్ ఇండియా అండ్లున్నయ్, మన ఎయిర్ ఇండియా చేరింది 2014 జులైల. వన్‌వరల్డ్‌ల అమెరికన్, బ్రిటిష్ ఎయిర్‌వేస్, ఖతర్ ఉన్నయ్. ఎమిరేట్స్ ఏ కూటమిల లేదు, వేరే వేరే కంపెనీల తోని విడివిడిగ ఒప్పందాలు పెట్టుకున్నది. ఈ పేర్లన్ని యాదికి పెట్టుకునుడు అవసరం లేదు, మీ టికెట్ ఎవరు రాసిన్రో తెలిస్తే సాలు.

అది తెలుసుకునుడు శాన సులువు. టికెట్ ఈమెయిల్‌ల 13 అంకెల టికెట్ నంబర్ ఒకటి ఉంటది, దాని మొదటి మూడు అంకెలు కంపెనీ గుర్తు. 098 అంటే ఎయిర్ ఇండియా, 176 ఎమిరేట్స్, 157 ఖతర్, 125 బ్రిటిష్ ఎయిర్‌వేస్, 220 లుఫ్తాన్సా, 016 యునైటెడ్, 001 అమెరికన్, 006 డెల్టా. ఆ మూడు అంకెలు ఎవరివో వాళ్లకే ఫోన్ చెయ్యాలె, మిగతా అందరికి చేసే ఫోన్లు టైం పాడు. ఆరు అక్షరాల పీఎన్ఆర్ వేరే. మైల్స్ టికెట్‌కు చాలాసార్లు రెండు పీఎన్ఆర్‌లు ఉంటయ్, టికెట్ రాసినోళ్లది ఒకటి, విమానం నడిపేటోళ్లది ఒకటి. సీటు, భోజనం, వీల్‌చైర్ చూసుకోనీకి రెండోది కావాలె, మార్చనీకి క్యాన్సిల్ చెయ్యనీకి మొదటిదే. ఇంకో మాట, పీఎన్ఆర్ వచ్చింది కదా అని టికెట్ అయిపోయిందనుకోవద్దు. వేరే కంపెనీ విమానం మీద తీసినప్పుడు బుకింగ్ అయినట్టు కనపడతది గాని టికెట్ రాసుడు గంటలు ఆలస్యం అయితది, అప్పుడప్పుడు అసలే కాదు. 13 అంకెల నంబర్ కండ్ల పడేదాక టికెట్ చేతికి రాలేదనే లెక్క. ఎయిర్‌పోర్టుకు పోయినంక టికెట్ లేదంటే ఆ బాధ చెప్పరాదు, అందులో ఇంట్ల మనిషి ఆఖరి గడియలల్ల ఉన్నప్పుడు.

ఇప్పుడు రెండో చిక్కు. తేదీ మార్చుమని అడిగితే సీటు లేదంటరు. మనం అదే విమానం వెబ్‌సైట్‌ల చూస్తే సీట్లు కుప్పలు కుప్పలు ఉంటయ్, కోపమొస్తది, ఆపదల ఉన్నోళ్లకు గూడ గిట్ల చేస్తరా అనిపిస్తది. సంగతేందంటే ప్రతి విమానంల మైల్స్‌కు ఇచ్చే సీట్లు వేరే లెక్క, కంపెనీ తాను అమ్మలేను అనుకున్న కొన్ని సీట్లను మాత్రమే పక్కకు పెట్టి మైల్స్‌కు ఇస్తది, అండ్ల గూడ వేరే కంపెనీ మైల్స్ తెచ్చినోళ్లకు ఇంకింత తక్కువ. ఫోన్ల మాట్లాడే మనిషికి ఆ సీటు తెరిచే అధికారం ఉండదు. తన సొంత విమానాలల్ల దాదాపు ప్రతి సీటు మైల్స్‌కు ఇచ్చే కంపెనీలు ఉన్నయ్, గాని ఆఖరి రోజులల్ల రేటు రెండింతలు మూడింతలు అయితది. కాబట్టి మనిషి మీద అరిచి లాభం లేదు, ఇంకో తేదీ ఇంకో దారి మనమే ఎతికి వాళ్ల ముందు పెట్టాలె. ఫలానా రోజు ఫలానా నంబర్ విమానంల మైల్స్ సీటు కనపడుతున్నది, దానికి మార్చుండ్రి అంటే పని పది నిమిషాలల్ల అయితది, ఏదన్న ఉంటే చూడుండ్రి అంటే గంట పడతది.

ఒక మంచి మాట గూడ ఉన్నది. ప్రయాణానికి వారం రెండు వారాలు ఉన్నదనంగ అమ్ముడుపోని సీట్లను చాలా కంపెనీలు మైల్స్‌కు తెరుస్తయ్. నెల ముందు లేని సీటు రెండు రోజుల ముందు ఉంటది. అందుకే అర్జెంట్‌ల మైల్స్ సీటు దొరకదు అని ముందే ఆశ వదులుకోవద్దు, పొద్దున ఒకసారి రాత్రి ఒకసారి చూస్తనే ఉండాలె. మా తమ్మునికి గట్లనే దొరికింది, ఒక్క సీటు, మరుసటి రోజు రాత్రిది, దోహా మీదుగ.

ఒక్క సీటు అనంగనే అసలు తిప్పలు మొదలయింది, ఎందుకంటే నలుగురు ఒకటే పీఎన్ఆర్ మీద ఉన్నరు. ఇది మనోళ్లల్ల ఎక్కువ మంది దెబ్బ తినే జాగ, జర నిదానంగ చెప్త. ఒక పీఎన్ఆర్‌ల ఉన్నోళ్లందరు ఒక మూట లెక్క, ఆన్‌లైన్‌ల తేదీ మార్చినా క్యాన్సిల్ కొట్టినా చాలా యాప్‌లల్ల మూట మొత్తం కదులుతది. ఒక్కరిని విడదియ్యాలంటే ఫోన్ చేసి పీఎన్ఆర్ స్ప్లిట్ చెయ్యుమని అడగాలె, స్ప్లిట్ అనే మాటనే వాడాలె, వాళ్లకు అర్థమయ్యేది అదే. అప్పుడు పొయ్యే మనిషికి కొత్త పీఎన్ఆర్ వస్తది, మిగిలినోళ్లు పాత దాంట్లనే ఉంటరు. స్ప్లిట్ అయి రెండు పీఎన్ఆర్‌లు చేతికొచ్చి, రెండిట్ల ఎవరెవరు ఉన్నరో చదివి వినిపించుకున్నంకనే తేదీ మార్పిచ్చాలె. ఒడిల కూసుండే చంటిపిల్ల ఉంటే ఇంకో మెలిక, రెండేండ్ల లోపు పిల్ల టికెట్ ఒక పెద్ద మనిషి టికెట్‌కు కట్టేసి ఉంటది. మా వాని బాబు టికెట్ వాని పేరుకే కట్టి ఉన్నది, వాళ్ల అమ్మ పేరుకు కాదు. వాడు విడిపోతే బాబు గూడ వానితోనే పోయేటోడు. ముందు బాబును మరదలు పేరుకు మార్పిచ్చి, ఆ తర్వాత స్ప్లిట్ చేపిచ్చినం. చేసిన్రు గాని బాబు టికెట్ మళ్లీ రాయనీకి మరిచిపోయిన్రు, అది మేం తర్వాత నెలకు చూసినం, చూసుకోకపోతే డిసెంబర్‌ల మరదలు కౌంటర్ కాడ ఇద్దరు పిల్లల తోని నిలబడేది.

మార్చుడా, క్యాన్సిల్ చేసి కొత్తది తీసుడా అని అడుగుతరు. నా మాట ఏందంటే మైల్స్ అన్ని పాత టికెట్ల ఇరుక్కొని ఉంటే మార్పిచ్చుడే మంచిది, ఎందుకంటే ఫోన్ మీద ఉన్న మనిషి పాతది తీసి కొత్తది ఒకే చేతితోని చేస్తది, మైల్స్ మధ్యల గాలిల ఉండవు. క్యాన్సిల్ చేస్తే కొన్ని కంపెనీలల్ల మైల్స్ నిమిషాల మీద అకౌంట్ల పడతయ్, కొన్నిట్ల రోజులు పడతది, ఆలోపు దొరికిన ఆ ఒక్క సీటు ఇంకొకరు తీసుకుంటరు. వేరే మైల్స్ చేతిల ఉంటే మాత్రం ముందు కొత్తది తీసి, 13 అంకెలు చూసుకొని, అప్పుడు పాతది క్యాన్సిల్ చెయ్యాలె. భార్య అకౌంట్ల ఉన్న మైల్స్ తోని భర్తకు, అన్న మైల్స్ తోని చెల్లెకు టికెట్ తియ్యొచ్చు, ఎక్కువ కంపెనీలు ఒప్పుకుంటయ్. కొన్ని మాత్రం ముందే పేరు ఎక్కిచ్చినోళ్లకే ఇస్తయ్, కాబట్టి ఇంట్ల అమ్మ నాయిన పేర్లు, అత్త మామ పేర్లు ఏ ఆపద లేని రోజునే ఎక్కిచ్చి పెట్టుకోండ్రి, పాస్‌పోర్ట్‌ల ఉన్న స్పెల్లింగ్ తోని. క్రెడిట్ కార్డు పాయింట్లను అర్జెంట్‌ల ఎయిర్‌లైన్ మైల్స్‌గ మార్చేటప్పుడు గూడ ఒక్క నిమిషం ఆగాలె. ఒకసారి మార్చినంక మల్ల కార్డులకు వాపస్ రావు. కొన్ని వెంటనే పడతయ్, కొన్ని రెండు మూడు రోజులకు. సీటు కండ్ల చూసినంకనే మార్చాలె, అది గూడ వెంటనే పడే కంపెనీ అయితేనే.

అన్నిటికన్న ఎక్కువ నష్టం చేసేది నో-షో, అంటే క్యాన్సిల్ చెయ్యకుండ విమానం ఎక్కకపోవుడు. ఇంట్ల ఆపద, ఆ దుఃఖంల పాత టికెట్ సంగతి ఎవరికి యాదికుంటది, విమానం పోయినంక నాలుగు రోజులకు యాదికొస్తది. అప్పటికి చాలా కంపెనీలల్ల మైల్స్ పోయినట్టే, లేకుంటే గట్టి ఫీజు. విమానం లేవకముందు ఒక్క క్యాన్సిల్ కొడితే అవే మైల్స్ వాపస్ వచ్చేటివి. ఎంత ముందు అనేది కంపెనీని బట్టి ఉంటది, అమెరికన్, యునైటెడ్, డెల్టా లాంటివి విమానం లేచేదాక ఒప్పుకుంటయ్, అమెరికా కెల్లి బయలుదేరే మైల్స్ టికెట్లకు మామూలుగ క్యాన్సిల్ ఫీజు గూడ లేదు. బ్రిటిష్ ఎయిర్‌వేస్ మైల్స్ టికెట్‌కు 24 గంటల ముందే చెయ్యాలె. ఎమిరేట్స్‌ల సేవర్ అని తక్కువ మైల్స్ తోని తీస్తే మార్పుకు కట్టేది ఎక్కువ, ఫ్లెక్స్ ప్లస్ అయితే ఖర్చు ఎక్కువ గాని మార్చుడు సులువు. ఇంట్ల పెద్దోళ్ల ఆరోగ్యం అంతంత మాత్రమే ఉన్నదంటే ఫ్లెక్స్‌దే తియ్యుండ్రి అని నేను మా వాళ్లకు గట్టిగ చెప్త.

నో-షోకే ఇంకో కొమ్మ ఉన్నది. పోను రాను కలిపి ఒకటే టికెట్ ఉండి, ఇక్కడికి వచ్చేది వాడకుండ వేరే విమానంల వచ్చి, వాపస్ పొయ్యేది మాత్రం వాడుకుందాం అనుకుంటరు. గట్ల నడవది. మొదటి భాగం ఎక్కకపోతే కంప్యూటర్ మిగిలిన భాగాలన్నిటిని తీసేస్తది. ముందే ఫోన్ చేసి మొదటి భాగం తీసేసి రెండో భాగం మల్ల రాసియ్యుమని అడగాలె. అట్లనే రాను టికెట్ మీద వచ్చినంక పొయ్యేదాన్ని క్యాన్సిల్ చేస్తే సగం మైల్స్ వాపస్ వస్తయనుకుంటరు, సగం వాడిన టికెట్‌కు చాలా కంపెనీలు ఏమియ్యవు. ఇప్పుడు ఎక్కువ ప్రోగ్రాంలల్ల ఒక దిక్కు టికెట్‌కు రెండు దిక్కుల దానిల సగమే పడతది కాబట్టి, పోను ఒకటి రాను ఒకటి విడిగ తీసుడే మేలు. ఒకటి కదిలితే ఇంకోటి కదలది.

అసలు ఆపదల వాపస్ పొయ్యే తేదీ ముందే ఎవరికి తెలుస్తది? మనిషి ఐసీయూల ఉంటే రెండు రోజులా రెండు వారాలా తెల్వది. ఏదన్న జరగరానిది జరిగితే మన దిక్కు మూడో రోజు పిట్టకు పెట్టుడు, ఆ తర్వాత దినాలు, ఒక్కొక్కరి ఇంట్ల ఒక్కో లెక్క, కొందరు తొమ్మిది కొందరు పదకొండు చేస్తరు. పెద్దకొడుకు అయితే మధ్యల లేచిపోరాదు. ఆ తర్వాత బ్యాంకు, పట్టా పాస్‌బుక్కు, పింఛను, అమ్మ ఒక్కతి ఎక్కడుంటది అనే ముచ్చట, ఇవన్ని కూసోని మాట్లాడనీకి రోజులు కావాలె. అందుకే రాను మాత్రమే తీస్కొని రమ్మంట నేను, పొయ్యేది ఇక్కడికొచ్చినంక చూద్దాం. ఒకటే పట్టి చూసుకోవాలె, టికెట్ ఆయుష్షు మామూలుగ మొదటిసారి రాసిన రోజుకెల్లి ఒక సంవత్సరమే, తేదీ ఎన్నిసార్లు మార్చినా ఆ గడువు ముందుకు జరగదు. పది నెలల కింద తీసిన టికెట్‌ను వచ్చే వేసవికి మార్చుమంటే కాదంటరు. మైల్స్ గడువు గూడ వేరే ఉంటది. సింగపూర్ మైల్స్ 36 నెలలకు పోతయ్, ఎమిరేట్స్‌వి మూడేండ్లకు మన పుట్టిన నెల ఆఖరికి పోతయ్, అమెరికన్‌వి 24 నెలలు అకౌంట్ల ఏ కదలిక లేకపోతే పోతయ్, యునైటెడ్, డెల్టావి పోవు. గడువు దాటిన మైల్స్ తోని తీసిన టికెట్ క్యాన్సిల్ చేస్తే అవి వాపస్ అకౌంట్ల కొచ్చి అప్పుడే మాయం కావొచ్చు, గసొంటప్పుడు క్యాన్సిల్ కన్న తేదీ మార్చుడే మంచిది.

ఆపద అని చెప్తే కంపెనీ వాళ్లు ఏమన్న సాయం చేస్తరా? చేస్తరు, కొంతవరకు. ఫీజు మాఫీ చెయ్యొచ్చు, గడువు కొన్ని రోజులు పెంచొచ్చు, అది వాళ్ల ఇష్టం, హక్కు కాదు. సీటు మాత్రం సృష్టించలేరు. ఫీజు మాఫీకి కాయిదాలు అడుగుతరు, డాక్టర్ లెటర్‌హెడ్ మీద తేదీ, రోగి పేరు, ఎప్పుడు చేరిండు, పరిస్థితి ఏంది అని రాపిచ్చుకోవాలె, స్టాంపు తోని. మన దగ్గర దవాఖానల ఓపీ చీటి మీద నాలుగు గీతలు గీసిస్తరు, అది చెల్లది. పేరు సంగతి ఇంకా ముఖ్యం. మనకు ఇంటి పేరు ముందుంటది, దవాఖానల పొట్టి పేరు రాస్తరు, పాస్‌పోర్ట్‌ల ఇంటి పేరు సర్‌నేమ్ కాడ ఉంటది, ఆధార్‌ల ఇంకో తీరు. కొడుకు పాస్‌పోర్ట్ ఆఖరి పేజీల తల్లిదండ్రుల పేర్లు ఉంటే ఆ స్పెల్లింగ్ తోనే దవాఖాన లెటర్ రాపిచ్చుండ్రి, చుట్టరికం రుజువుకు అదొక్కటే సాలు. చావు అయితే డెత్ సర్టిఫికెట్ అడుగుతరు, అది అదే రోజు చేతికి రాదు. చట్టం ప్రకారం 21 రోజుల లోపు చెప్తే రిజిస్టర్ చేసుడు ఉచితం, ఊర్లల్ల పంచాయతీ సెక్రటరీ దగ్గర, టౌన్‌ల మున్సిపాలిటీల. అప్పటిదాక దవాఖాన ఇచ్చిన డెత్ సమ్మరీ పంపి, సర్టిఫికెట్ తర్వాత పంపుతం అని అడిగితే ఎక్కువసార్లు ఒప్పుకున్నరు. ముందు పైసలు కట్టుమని, కాయిదాలు వచ్చినంక వాపస్ ఇస్తమని గూడ అంటరు, ఆ మాట ఈమెయిల్‌ల రాపిచ్చుకోవాలె.

బిరీవ్‌మెంట్ ఫేర్ అని ఒకటి వింటం, చావుకు పొయ్యేటోళ్లకు తగ్గింపు. ఎయిర్ కెనడా, డెల్టా ఇస్తయ్, అది పైసలు పెట్టి కొనే టికెట్‌కు, మైల్స్‌కు కాదు, ఫోన్ చేసి అడగాలె. ఎప్పుడూ అదే చవక అని నమ్మొద్దు, ఆన్‌లైన్ రేటు పక్కన పెట్టి చూసుకోవాలె. ట్రావెల్ ఇన్సూరెన్స్ ఉన్నోళ్లకు మామూలుగ వచ్చేది మైల్స్ వాపస్ ఫీజు వరకే, మైల్స్ విలువ కట్టి ఇయ్యరు, పాత జబ్బు అంటే అది గూడ ఇయ్యకపోవచ్చు.

ఫోన్ చేసే ముందు ఒక్కటి మాత్రం చూసుకోండ్రి, కంపెనీ వాళ్లే మీ విమానం టైం ఏమన్న మార్చిన్రా అని. ఆర్నెల్ల కింద తీసిన టికెట్‌కు రెండు మూడు మార్పులు వచ్చే ఉంటయ్, ఆ ఈమెయిల్ మనం చదవకుండ వదిలేస్తం. అమెరికా రూల్ ప్రకారం అక్కడికి పొయ్యే, అక్కడికెల్లి వచ్చే అంతర్జాతీయ విమానం 6 గంటలు అంతకన్న ఎక్కువ జరిగితే, మనం వద్దంటే, మైల్స్ మైల్స్‌గ, కట్టిన ట్యాక్స్ పైసలుగ మొత్తం వాపస్ ఇయ్యాలె, ఏ ఫీజు లేకుండ. అంతకన్న తక్కువ జరిగినా చాలామంది ఒకసారి ఉచితంగ తేదీ మారుస్తరు. మనం ఆపద అని బతిమిలాడుతున్న పని ఈ ఒక్క ఈమెయిల్ తోని హక్కుగ అయ్యేది ఉంటది.

టికెట్ కంటే ముందు కాయిదాలు చూడాల్సినోళ్లు గూడ ఉన్నరు. అమెరికాల చదువుకునే పిల్లలు ఐ-20 మీద, అంటే కాలేజీ ఇచ్చే కాయిదం మీద, ట్రావెల్ సంతకం ఉన్నదా చూసుకోవాలె, అది మామూలుగ ఒక సంవత్సరం నడుస్తది, చదువు అయినంక పని చేసుకోనిచ్చే ఓపీటీల ఉంటే ఆర్నెల్లే. హెచ్-1బి ఉద్యోగ వీసా వాళ్లు పాస్‌పోర్ట్‌ల వీసా స్టాంపు గడువు చూసుకోవాలె, అది అయిపోయి ఉంటే వచ్చుడు అయితది గాని మల్ల పోనీకి ఇంటర్వ్యూ కావాల్సొస్తది. గ్రీన్‌కార్డ్ అప్లికేషన్ నడుస్తుంటే అడ్వాన్స్ పరోల్, అంటే బయటికి పోయి మల్ల రానీకి ముందే తీసుకునే అనుమతి, లేకుండ దేశం దాటితే ఆ అప్లికేషన్ పోయే ప్రమాదం ఉన్నది, ఆపద అయితే అర్జెంట్‌గ ఇచ్చే దారి ఉన్నది, లాయర్‌ను అడగాలె. సౌదీల పనిచేసే మన పిల్లలకు ఎగ్జిట్ రీఎంట్రీ, అంటే బయటికి పోయి మల్ల రానీకి అనుమతి, కావాలె, అది చేతికొచ్చేదాక టికెట్ పక్కా చెయ్యొద్దు.

ఇంకొక చిన్న ముచ్చట, చిన్నదే గాని మా తమ్మునికి గంటన్నర తిన్నది. మైల్స్ అకౌంట్‌కు ఓటీపీ మరదలు పాత ఇండియా నంబర్‌కు పోతున్నది, ఆ సిమ్ నల్గొండల వాళ్ల అమ్మగారింట్ల ఒక పాత ఫోన్ల ఉన్నది, ఫోన్ల చార్జింగ్ లేదు. ఆమె తమ్ముడు చార్జింగ్ పెట్టి, ఆన్ చేసి, ఓటీపీ చదివి చెప్పేదాక ఆ ఒక్క సీటు ఉంటదో పోతదో అని మేం దవాఖాన బయట నిలబడ్డం.

దిగేది ఎక్కడ అనేది గూడ ఆలోచించాలె. శంషాబాద్ మనకు దగ్గర, పాలమూరోళ్లు నేరుగ 44 నంబర్ హైవే ఎక్కి షాద్‌నగర్, జడ్చర్ల మీదుగ పోతరు, నల్గొండోళ్లు ఔటర్ మీద తిరిగి చౌటుప్పల్, నార్కట్‌పల్లి దారి పడతరు, కల్వకుర్తి దిక్కోళ్లకు తుక్కుగూడ కెల్లి శ్రీశైలం రోడ్డు, దేవరకొండ దిక్కోళ్లకు సాగర్ రోడ్డు. హైదరాబాద్‌కు మైల్స్ సీటు లేక ఢిల్లీ, ముంబైకే దొరికితే తీసుకోండ్రి, గాని అక్కడికెల్లి విడిగ కొన్న టికెట్‌కు మధ్యల నాలుగైదు గంటలన్న ఉంచుకోవాలె, ఇమిగ్రేషన్ అయి బ్యాగులు తీస్కొని మల్ల వెయ్యాలె, మొదటి విమానం ఆలస్యం అయితే రెండోదాని బాధ్యత ఎవరు తీసుకోరు. గద్వాల, అలంపూర్ దిక్కోళ్లు బెంగళూరు గూడ చూడుండ్రి. అదే 44 హైవే మీద ఉన్నది, రాత్రికి దిగి కారు ఎక్కితే తెల్లారేసరికి ఇంటికాడ ఉంటరు, ఢిల్లీల కూసోని ఇంకో విమానానికి ఎదురుచూసుడు కన్న నయం.

తమ్ముడు రెండో రోజు రాత్రి, మూడో రోజు తెల్లారుతదనంగ శంషాబాద్‌ల దిగి సీదా దవాఖానకొచ్చిండు. చిన్నాయినకు మాట రాలేదు గాని మనిషిని గుర్తువట్టిండు, ఎడమ చేత్తోని వాని చెయ్యి పట్టుకొని శానసేపు ఇడువలేదు. ఇంకో తొమ్మిది రోజులున్నడు. వాడు రాను మాత్రమే తీస్కొచ్చిండు కాబట్టి వాపస్ ఎప్పుడు అని ఎవరు అడగాల్సిన అవసరం రాలేదు, దినాలు అయినంక, చిన్నమ్మ పేరు మీద పాస్‌బుక్కు పని సగం అయినంక, ఇక్కడి కెల్లే ఒక దిక్కు టికెట్ తీసినం. మరదలు, పిల్లలు డిసెంబర్‌ల వాళ్ల పాత టికెట్ మీదనే వచ్చిపోయిన్రు. తమ్ముని పాత టికెట్ల మిగిలిపోయిన జనవరి వాపస్ భాగం విమానం లేవకముందే క్యాన్సిల్ చేసినం, వానిది పోను రాను విడివిడిగ రాపిచ్చినం కాబట్టి ఆ మైల్స్ ఆరు రోజులకు మొత్తం వాపస్ పడినయ్. అవే మైల్స్ తోని ఏప్రిల్‌ల చిన్నమ్మకు డల్లాస్ టికెట్ తీసినం, పొయ్యేది ఒక్కటే. వచ్చేది ఆమె ఎప్పుడొస్తనంటే అప్పుడు.